నాన్న పని బొగ్గు యార్డులో, నేను కాలేజీలో వాతావరణ మార్పు గురించి చెబుతున్నా

విశాఖ నుంచి ఒక అమ్మాయి రాసింది. బీటెక్ మూడో సంవత్సరం, ఇల్లు గాజువాక వైపు. నాలుగు పేజీల ఉత్తరం. పేరూ కాలేజీ పేరూ వద్దంది కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి చెబుతాను.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ అమ్మాయి నాలుగో తరగతి. ఇంటి పైరేకులు లేచి పక్క వీధిలో పడ్డాయట, రోజంతా వాళ్లమ్మ పిల్లలిద్దరినీ మంచం కింద కూర్చోబెట్టి పరుపు అడ్డం పెట్టిందట. ఆ భయం లోపల అలాగే ఉండిపోయింది. కాలేజీలో చేరాక వాతావరణ మార్పు మీద ఒక క్లబ్ మొదలుపెట్టింది, స్టూడెంట్ కోఆర్డినేటర్ కూడా తనే. మొదటి మీటింగ్‌కి 140 మంది వచ్చారు. మొన్నటి మీటింగ్‌కి 11 మంది, అందులో ఇద్దరు అటెండెన్స్ వేస్తారేమోనని వచ్చినవాళ్లు.

వాళ్ల నాన్నగారు 18 ఏళ్లుగా ఒక బొగ్గు యార్డులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. ఫస్టియర్ పిల్లలకి ప్రెజెంటేషన్ ఇస్తూ బొగ్గు వల్ల జరిగే నష్టం చెబుతుంటే వెనక నుంచి ఒక కుర్రాడు "మేడమ్, మీ ఫీజు కట్టేది బొగ్గే కదా" అన్నాడు. హాలంతా నవ్వింది, తనకి నోట మాట రాలేదు. ఇంటికెళ్లి చెప్పుకుంటే ఓదారుస్తారనుకుంది. నాన్న అన్నం ముందు నుంచి లేచి "వాడన్నదాంట్లో తప్పేముంది? నువ్వు ఊరందరి ముందూ నా పనిని తిడుతున్నావు" అన్నారట. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటలు సరిగ్గా లేవు.

ఈలోగా కాలేజీలో వాతావరణ వారోత్సవాలకి బొగ్గు వ్యాపారం చేసే ఒక సంస్థ 60,000 రూపాయలు ఇస్తానంది, బ్యానర్ మీదా టీషర్టుల మీదా వాళ్ల లోగో ఉండాలి. ఇన్‌ఛార్జ్ సార్ ఒప్పుకోమంటున్నారు. టీమ్‌లో సగం మంది ఆ డబ్బు ముట్టుకుంటే మానేస్తామంటున్నారు. వీటన్నిటి మధ్యలో ఒక సబ్జెక్ట్ పోయింది, సప్లీ రాయాలి. రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్లో వరదలూ కార్చిచ్చుల వీడియోలు చూస్తూ కూర్చుంటోంది. చివర్లో ఇలా రాసింది: "మానేస్తే పిరికిదాన్ని అవుతానేమో అక్కా, మానకపోతే ఇంట్లో శత్రువుని అవుతాను. అసలు నా మాటల వల్ల ఒక్క మనిషైనా మారాడా? ఏం చెయ్యమంటావు?"

అమ్మా, నీ ఉత్తరం చదువుతుంటే 2014 అక్టోబరు 12 నాకు మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. ఆ మర్నాడు బయటికొచ్చి చూస్తే నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది, ఉన్న కొమ్మలకి కూడా ఒక్క ఆకు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ల బిందెలు పట్టుకుని లైన్లలో నిలబడ్డాం. దాన్ని తొమ్మిదేళ్ల వయసులో మంచం కింద నుంచి చూసిన పిల్ల పెద్దయ్యాక వాతావరణం గురించి మాట్లాడకుండా ఉండలేకపోవడంలో నాకేం వింత కనపడలేదు. ఈ పని నువ్వు సరదాకి మొదలుపెట్టలేదు. అందుకే "మానెయ్, చదువుకో" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోను.

ముందు మీ నాన్నగారి సంగతి, ఎందుకంటే నీ ఉత్తరంలో సగం అక్షరాలు ఆయన గురించే. ఆయన అన్న మాట నువ్వే రాశావు, మళ్లీ ఒకసారి చదువుకో. భూమి వేడెక్కట్లేదని ఆయన అనలేదు. నీ సైన్సు తప్పని అనలేదు. "నా పనిని తిడుతున్నావు" అన్నారు. 18 ఏళ్లుగా ఆ దుమ్ములో నిలబడి నిన్ను ఇంజనీరింగ్ దాకా తెచ్చిన మనిషికి, ఆ పనిని కూతురు స్క్రీన్ మీద నల్లటి బొమ్మ వేసి విలన్‌లా చూపించిందంటే నొప్పి ఎక్కడ తగులుతుందో ఆలోచించు. నువ్వు తిట్టింది బొగ్గుని, ఆయనకి వినపడింది తనని.

ఆ కుర్రాడు అన్నది నిజమే. నిజమే అని ఒప్పుకోవడానికి భయపడకు. మన దేశంలో పుట్టే కరెంటులో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ ఇప్పటికీ బొగ్గుదే. నీ ప్రెజెంటేషన్ నడిచిన ప్రొజెక్టర్, ఆ హాల్లో ఫ్యాన్లు, అతని చేతిలో ఫోను ఛార్జింగ్, అన్నీ దాని మీదే నడిచాయి. మీ ఇంటికి బొగ్గు నుంచి జీతం వస్తుంది, మిగతావాళ్ల ఇళ్లకి బొగ్గు నుంచి వెలుతురు వస్తుంది, తేడా అంతే. ఇంకోసారి ఎవరైనా అడిగితే మూడు రకాలుగా చెయ్యొచ్చు. నవ్వేసి వదిలెయ్యొచ్చు, ఆ పూటకి గడిచిపోతుంది గానీ నీలో ముల్లు అలాగే ఉంటుంది. ఎదురు దెబ్బ కొట్టొచ్చు, హాలు ఇంకోసారి నవ్వుతుంది, ఈసారి నీ వైపు నుంచి, కానీ అతను ఆ తర్వాత ఏ మీటింగ్‌కీ రాడు. లేదంటే తలెత్తి "అవును, మా నాన్న అక్కడే పనిచేస్తారు, ఈ మార్పు వచ్చినప్పుడు ఆయన లాంటివాళ్లకి ఏం దారి చూపిస్తారన్నదే నా ప్రశ్న" అని చెప్పొచ్చు. ఇది నువ్వు కొత్తగా కల్పించిన ప్రశ్నేం కాదు. వాతావరణ మార్పు మీద ప్రపంచ దేశాలు చేసుకున్న 2015 పారిస్ ఒప్పందం పీఠికలోనే రాసుంది, కార్మికులకి అన్యాయం జరగకుండా ఈ మార్పు జరగాలని, మర్యాదైన ఉపాధి కల్పించాలని. మన దేశం 2070కల్లా నికర సున్నా ఉద్గారాలకి, అంటే గాల్లోకి వదిలే కార్బన్ వెనక్కి పీల్చుకునేదాన్ని మించని స్థితికి, చేరతామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చెప్పింది. అంటే ఇది మీ నాన్నగారు రిటైరయ్యాక కూడా, నీ ఉద్యోగం, మీ తమ్ముడి ఉద్యోగం అయిపోయేదాకా నడిచే వ్యవహారం. బొగ్గు దగ్గర పనిచేసేవాళ్లని పక్కనపెట్టి ఎవరూ దీన్ని నడపలేరు, ఆ ఇంటి నుంచి వచ్చిన నువ్వు మాట్లాడితే దానికుండే బరువు నాలాంటివాళ్ల మాటకి రాదు.

ఇంట్లో ఏం చెయ్యాలి? క్లబ్ మాట ఇంట్లో ఎత్తకుండా ఊరుకుంటే గొడవ ఉండదు, కానీ నీ ఉత్తరం ధోరణి చూస్తే ఆ మౌనం నువ్వు ఎక్కువకాలం మొయ్యలేవు, ఆయనా మొయ్యలేరు. కూర్చోబెట్టి కార్బన్ డయాక్సైడ్ గురించి వివరిస్తే అది ఇంకో ప్రెజెంటేషన్ అవుతుంది, వద్దు. నాకైతే అడగడమే మేలనిపిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో మధ్యాహ్నం యార్డులో పని ఎలా ఉంటుంది నాన్నా అని అడుగు. చేరిన కొత్తలో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఎవరైనా పడిపోయారా, తాగడానికి నీళ్లెక్కడ, నీడెక్కడ. 2015 మేలో వడగాలులకి మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు, ఆ రోజుల్లో ఆయన పనిలోనే ఉండి ఉంటారు. విశాఖలో థర్మామీటర్ 36 చూపించినా ఒంటికి అంతకంటే ఎక్కువ అనిపిస్తుంది, గాల్లో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఈ సూత్రం నువ్వు పుస్తకంలో చదివావు, ఆయన 18 ఎండాకాలాలు ఒంటి మీద చదివారు. అడిగేది ప్రెజెంటేషన్‌లో పెట్టుకోవడానికి మాత్రం కాకూడదమ్మా. నిజంగా తెలుసుకోవడానికే అడుగు. మొదటిరోజు ఆయన ముక్తసరిగా చెప్పి లేచిపోవచ్చు, రెండోసారి అడుగు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నా. ఆయన కాంట్రాక్టు మనిషి. యార్డు ఫోటోలు, వీడియోలు, పనిచేసే చోటి పేరు, ఆయన చెప్పిన మాటలు, ఏవీ ఆయన ఒప్పుకోకుండా బయట పెట్టొద్దు, ఒప్పుకున్నా పేరు తీసేసి చెప్పు. నీకు వంద లైకులు వస్తాయి, ఆయనకి రేపట్నుంచి రావద్దని ఫోన్ రావచ్చు.

ఇక 60,000. ఇక్కడ నా అభిప్రాయం దాచను, నేనైతే తీసుకోను. ఆ సంస్థ చెడ్డదని కాదు, వాళ్లు ఎవరో కూడా నాకు తెలీదు. లోగో ఉన్న బ్యానర్ కింద నిలబడి బొగ్గు గురించి ఒక పిల్ల ప్రశ్న అడిగితే నీ నోరు ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఒక్క క్షణం అందరికీ కనపడుతుంది. అప్పటికే నాన్న విషయంలో వేలు చూపించారు, ఇది దానికి తోడవుతుంది. కానీ తీసుకోవడంలో కూడా ఒక వాదన ఉంది, కొట్టిపారెయ్యకు: ఆ డబ్బుతో చుట్టుపక్కల గవర్నమెంటు స్కూళ్లకి వెళ్లి చెప్పొచ్చు, సార్ సంతోషిస్తారు, మళ్లీ ఏ పర్మిషన్ అడిగినా తొందరగా వస్తుంది. తీసుకునేట్టయితే లోగో వేదిక మీద ఉండదనీ, ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో వాళ్లు నిర్ణయించరనీ ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ షరతుకి వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో నీ తలనొప్పి తీరినట్టే. మూడో దారి, కాలేజీ యాజమాన్యమే తన పేరు మీద డబ్బు తీసుకుని తన పండగ చేసుకుంటే అది మీ క్లబ్ నిర్ణయం కాదు, మీరు వక్తలుగా వెళ్లాలా వద్దా అన్నదే మీ చేతిలో ఉంటుంది.

అసలు ఆ 60,000 దేనికో ఒకసారి లెక్క రాయండి. టీషర్టులు, ఫ్లెక్సీ, మెమెంటోలు, స్నాక్స్. వీటిలో ఒక్కటి కూడా ఎవరికీ ఏమీ నేర్పదు కదమ్మా, ఫ్లెక్సీ అయితే మర్నాడు చెత్తలోకి పోతుంది. వారోత్సవాలు తీసేసి నెలకి ఒక పని పెట్టుకుంటే దాదాపు డబ్బే అక్కర్లేదు. ఏ నిర్ణయమైనా నువ్వొక్కదానివే తీసుకోవద్దు, ఆ 11 మందిని కూర్చోబెట్టి మాట్లాడించు, నీ ఓటు కూడా ఒక్కటే. వద్దనుకుంటే సార్‌కి చెప్పేటప్పుడు ఆ సంస్థని ఒక్క మాట అనకుండా "ఈ ఏడాది ఖర్చు లేని కార్యక్రమాలే చేద్దామనుకున్నాం సార్" అని ఊరుకోండి. మీ నాన్నగారు అదే రంగంలో ఉన్నారు, ఊరు పెద్దదే గానీ మాటలు చేరతాయి.

140 నుంచి 11కి పడిపోవడం గురించి ఇప్పుడు. నీకు బాధ ఎక్కువగా ఇక్కడే ఉన్నట్టుంది, నాకు చెప్పాలని ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

నువ్వు పంపిన ప్రెజెంటేషన్ చూశాను. శ్రద్ధగా చేశావు. కానీ కరిగే మంచుకొండలతో మొదలై, వేరే దేశాల కార్చిచ్చులతో నడిచి, ప్రతి స్లైడూ "మనం మారకపోతే" అని ముగుస్తోంది. మధ్యాహ్నం లంచ్ మానుకుని వచ్చిన పిల్లాడు అరగంట సేపు తప్పు చేసినవాడిలా కూర్చుని వెళ్లాడు, రెండోసారి ఎందుకొస్తాడు? అందులో విశాఖ ఒక్క స్లైడ్‌లో ఉంది, అదీ హుద్‌హుద్ ఫోటో.

మన ఊరితో మొదలుపెట్టి చూడు. ఆర్కే బీచ్ కోత తీసుకో. కోత అనగానే "సముద్ర మట్టం పెరిగింది, అందుకే" అని చెప్పాలనిపిస్తుంది, చాలామంది అలాగే చెబుతున్నారు. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, హార్బర్ గోడలు ఆ ఇసుకని ఆపేస్తాయి, అందుకే నీటి అడుగు నుంచి ఇసుక తోడే డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి బీచ్‌లో పొయ్యాల్సి వస్తోంది. దాని మీద సముద్ర మట్టం పెరగడం, తుఫాన్లు వచ్చి చేరతాయి. ఈ మొత్తం చెప్పు, ఎంత దేనివల్లో విడదీసి చెప్పు. హుద్‌హుద్ కూడా అంతే, ఆ ఒక్క తుఫాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందని అనకు, వెచ్చటి సముద్రం తుఫానుకి బలాన్నిస్తుందనీ, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందనీ, ఆ తేమే కుండపోతగా పడుతుందనీ చెప్పు. ఇలా చెబితే క్లాసులో తెలివైన పిల్లలు నిన్ను నమ్ముతారు. అన్నీ ఒకే గాటన కట్టి చెప్పేవాళ్లని వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

హాల్లోంచి బయటికి కూడా రండి. ముడసర్లోవ రిజర్వాయర్ మీద నీళ్లలో తేలే సోలార్ పలకలున్నాయి, 2 మెగావాట్లు. ఊళ్లోనే ఉంది, మీ క్లాసులో ఎంతమంది చూశారు? పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటు 2000 మెగావాట్లది, దాని రిజర్వాయర్ మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. 25ని 2000 పక్కన పెట్టి ఫస్టియర్ పిల్లల్ని అడుగు, ఇది ఎన్నేళ్లలో ఎంత పెరగాలి, రాత్రిపూట ఏం చేస్తారు, ఆ 2000 దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కడికెళ్తారు. ఇంజనీరింగ్ పిల్లలకి ఇలాంటి ప్రశ్న ఇస్తే అరగంట గంటన్నర అవుతుంది. నువ్వు మాట్లాడాల్సిన పని కూడా ఉండదు.

మత్స్యకారులుండే పెదజాలారిపేట వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి, కానీ చెప్పడానికి వెళ్లొద్దు, వినడానికి వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, మరపడవలు కదలవు కాబట్టి కూర్చుని మాట్లాడే తీరిక దొరకచ్చు. అయితే ఆ రోజుల్లో ఆదాయం లేక ఇంట్లో ఇబ్బంది కూడా ఉంటుంది, కెమెరాలు పట్టుకుని పాతికమంది మీద పడకండి, నలుగురు చాలు. చేపలు తగ్గాయని వాళ్లంటే దానికి ట్రాలర్లు ఉన్నాయి, కాలుష్యం ఉంది, నీళ్లు వేడెక్కడం ఉంది, వాళ్లు చెప్పిన వరసలోనే రాసుకోండి.

క్యాంపస్‌లోనే చేయదగ్గ పని ఒకటి చెబుతా. హాస్టల్ మీటర్. పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు, తక్కువ కరెంటు తినే మోటారున్న కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 దగ్గర. హాస్టల్లో 200 ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరుగుతాయనుకో, మారిస్తే రోజుకి 108 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కి ఇంచుమించు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే రోజుకి 75 కిలోలు. మీ హాస్టల్ అసలు అంకెలు మీరే కొలవండి, బిల్లు ఎంత తగ్గుతుందో, ఎన్నేళ్లలో ఫ్యాన్ల ఖర్చు తిరిగొస్తుందో రాసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టండి. ఒప్పుకోవచ్చు, ఫైలు కింద పడేయొచ్చు. పడేసినా ఆ లెక్క చేసిన పదిమందికి అది జన్మంతా గుర్తుంటుంది, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

హాజరు గురించి ఇంకో దారి ఉంది, నీకు తట్టినట్టు లేదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణం సబ్జెక్టుని చదువుల్లో తప్పనిసరి చెయ్యమంది, దాని పుణ్యమా అని ప్రతి డిగ్రీలో ఆ పేపర్ ఉంది. అందరూ పరీక్ష ముందు రాత్రి చదివి మర్చిపోయే పేపర్ అది. ఆ సబ్జెక్ట్ చెప్పే మేడమ్‌నో సార్‌నో వెళ్లి అడుగు, ఈ సెమిస్టర్‌లో రెండు పీరియడ్లు మాకివ్వండి, ఆర్కే బీచ్ పాఠం మేం చెబుతామని. క్లాసు నిండా పిల్లలుంటారు, లంచ్ పోదు, పోస్టర్లు అక్కర్లేదు. ఇబ్బంది ఏంటంటే బలవంతంగా కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు, కొందరు ఫోన్ చూసుకుంటారు. అయినా 11 మందికి చెప్పడం కంటే 60 మందిలో 20 మంది వినడం మేలని నా లెక్క. అదీ కుదరకపోతే ఆ 11 మందితోనే చెయ్యి. మీటర్ కొలవడానికి 140 మంది అవసరం లేదు.

"ఒక్క మనిషైనా మారాడా" అని అడిగావు. నాకు తెలీదమ్మా, నీకూ తెలియదు. ఆ ఫస్టియర్ కుర్రాడు నిన్ను ఆటపట్టించాడు, అంటే కనీసం బొగ్గుకీ ఫీజుకీ ఉన్న లింకు అతనికి తట్టింది. నేనైతే అతన్నే పిలిచి హాస్టల్ లెక్క అప్పజెబుతాను.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకు. రాత్రి ఒంటిగంటకి కార్చిచ్చు వీడియో చూస్తే ఆ అడవికి ఏ మేలూ జరగదు, నీకు మాత్రం మర్నాడు క్లాసు పోతుంది. పదింటికి ఫోన్ అమ్మ గదిలో పెట్టెయ్. రెండు వారాలు అలా చేశాక కూడా నిద్ర రాకపోతే, ఏడుపు ఆగకపోతే, కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. భయపడటం నీ తప్పు కాదు. అంత చిన్నప్పుడు పైకప్పు లేచిపోవడం చూసిన పిల్లవి నువ్వు.

క్లబ్ మానాలా అన్నదానికి మానడం, ఉండటం అని రెండే దారులు లేవు. పూర్తిగా మానేస్తే కొన్నాళ్లు తేలిగ్గా ఉంటుంది, ఆ తర్వాత ఖాళీగా అనిపించొచ్చు, కానీ సప్లీ గట్టెక్కుతావు. ఇలాగే కొనసాగితే ఇంకో సబ్జెక్ట్ పోవచ్చు, అప్పుడు ఇంట్లో నాన్న అనబోయే మాట నీకు తెలుసు, దానికి నీ దగ్గర సమాధానం ఉండదు. మధ్యలో ఒక దారి ఉంది, కోఆర్డినేటర్ పని కొన్నాళ్లు వేరే చేతికిచ్చి నువ్వు మామూలు సభ్యురాలిగా ఉండటం. ఎలాగూ ఏడాదిన్నరలో నువ్వు వెళ్లిపోతావు, అన్నీ నీ తలలోనే ఉంటే ఆ రోజే క్లబ్ మూతపడుతుంది. వాళ్లు నీలా చెయ్యరు, పోస్టర్లో తప్పులుంటాయి, మీటింగ్ ఆలస్యంగా మొదలవుతుంది. చూస్తూ ఊరుకోవడం నీకు కష్టమే.

ఉత్తరంలో రెండో ఏడాది అమ్మాయి ఒకామె గురించి రాశావు, పిలవకుండానే వచ్చి కుర్చీలు సర్దుతుందని. సప్లీ తేదీ ఎప్పుడో రాయలేదు నువ్వు. తేదీ చూసుకుని, దానికి ముందు ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టుకుని, ఆ రోజు నుంచి వాట్సాప్ గ్రూపు అడ్మిన్, సార్‌తో మాట్లాడే పని, ముడసర్లోవ ట్రిప్ ఏర్పాట్లు ఆ అమ్మాయికి అప్పగించెయ్.